‘ఉన్మాది’ ఎవరు? కోర్టు సంరక్షణలోని మానసిక రోగి – తెలుగు వాడుక, కథనం: ఒక విమర్శ

వ్యాససంగ్రహం

నేరారోపణ ఎదుర్కొంటూ, మానసిక అనారోగ్యం కారణంగా జైలు నుంచి ఆసుపత్రికి చేరి, అక్కడ కోర్టు ఆదేశంపై ఉండే రోగికి తెలుగులో స్థిరమైన పేరు లేదు. అతనికి చెందవలసిన ‘ఉన్మాదం’ అనే మాటను పత్రికాభాష వేరొకరికి అంటగట్టింది. కథాసాహిత్యం జైలును చిత్రించింది, మతి చెదిరిన మనిషినీ చిత్రించింది. ఈ రెండూ కలిసే వార్డు మాత్రం ప్రధాన రచనల వెలుగులోకి రాలేదు. ఈ పదలోపం కేవలం భాషాసమస్య కాదని, రోగి ఇంటికి తిరిగి రావడం చాలావరకు ఊరివాళ్ళు అతనిని ఏ పేరుతో పిలుస్తారన్న దానిపై ఆధారపడి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉన్మాదం, ప్రేమోన్మాది, నిర్దోషి, రక్షణ నిర్బంధం, అసమర్థుని జీవయాత్ర, అపరిచితుడు, జి. కొండూరు

1. ఉపోద్ఘాతం

ఆధునిక తెలుగు సాహిత్యంలో ఖైదీకి ఒక స్థానం ఉంది. మానసిక రోగికీ ఒక స్థానం ఉంది. ఒకే మనిషి ఏకకాలంలో ఈ రెండూ అయినప్పుడు అతని గురించి మాట్లాడడానికి మనకు భాష చాలడం లేదు. వైద్యశాస్త్రంలో ‘ఫోరెన్సిక్ సైకియాట్రీ’ అనే శాఖ ఇటువంటి రోగులకు సంబంధించినది. విచారణను అర్థం చేసుకునే స్థితిలో లేనివారు, నేరం జరిగిన సమయంలో మతి తమ అధీనంలో లేదని కోర్టు నిర్ణయించినవారు, జైలులో ఉండగా జబ్బుపడినవారు ఈ పరిధిలోకి వస్తారు. తెలుగు నేలపై ఇటువంటివారిని ప్రధానంగా విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకు, హైదరాబాదు ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థకు పంపుతూ వచ్చారు. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్నది తెలంగాణలో వెక్కిరింత మాటగా స్థిరపడింది. ఒక వైద్యశాల పేరు తిట్టుగా మారిన భాషలో, ఆ వైద్యశాలలోనూ తాళం వేసిన వార్డులో ఉన్న మనిషికి ఏ పేరు మిగులుతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం కోసం ఈ వ్యాసం మూడు రంగాలను పరిశీలిస్తుంది: అలంకారశాస్త్రం నుంచి పత్రిక దాకా సాగిన ‘ఉన్మాదం’ అనే పదం ప్రయాణం, చట్టం వాడే మాటలు, తెలుగు కథనాలు. ఆ తరువాత ఈ మూడింటినీ ఉమ్మడి కృష్ణా జిల్లాలోని జి. కొండూరు వంటి ఒక మండలం వాడుక ముందు ఉంచి చూస్తుంది.

2. శాస్త్రంలో, కావ్యంలో ఉన్మాదం

చరకసంహిత నిదానస్థానంలో ఉన్మాదానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఉంది. మనసు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానం, స్మృతి, ఇష్టాయిష్టాలు, శీలం, చేష్ట, ఆచారం అనే ఎనిమిది అంశాలలో కలిగే విభ్రమంగా ఆ శాస్త్రం దానిని నిర్వచించింది. దోషాల వల్ల కలిగేవి నాలుగు, ఆగంతుకం ఒకటి, మొత్తం ఐదు విధాలుగా విభజించింది. అక్కడ ఉన్మాదం వ్యాధి. నిదానం, చికిత్స ఉన్న వ్యాధి. మనుస్మృతి ఉన్మత్తునికి ఆస్తిలో వాటా నిరాకరించింది. అయితే అతనికి జీవితాంతం తిండి, బట్ట ఇవ్వవలసిన బాధ్యతను వాటా పొందినవారిపై ఉంచింది. వివక్ష అక్కడా ఉంది, కాని మనిషిని పోషించవలసిన బంధం తెగలేదు.

అలంకారికులు ఇదే మాటను మరో దారిలో స్వీకరించారు. భరతుడు చెప్పిన ముప్ఫైమూడు వ్యభిచారిభావాలలో ఉన్మాదం ఒకటి. విప్రలంభ శృంగారంలోని దశ మన్మథావస్థలలోనూ ఉన్మాదానికి స్థానం ఉంది. దాని తరువాతి మెట్లు మరణానికి దారితీస్తాయి. ఊర్వశిని వెదుకుతూ వనంలో తిరిగిన పురూరవుడు, కృష్ణుని జాడ చెప్పమని చెట్లనూ తీగలనూ అడిగిన భాగవత గోపికలు ఈ అవస్థకు ప్రసిద్ధ ఉదాహరణలు. ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. కావ్యోన్మాదంలో ఉన్నవారు చెట్టుతో మాట్లాడతారు, మబ్బుతో మాట్లాడతారు, చివరికి తామే కృశించిపోతారు. ప్రేమించినవారిపై చేయి ఎత్తరు. కావ్యోన్మాదం తనను తాను దహించుకునే స్థితి, పరహింస దాని లక్షణం కాదు.

3. ‘ప్రేమోన్మాది’: పత్రికాభాష చేసిన తారుమారు

తెలుగు పత్రికలు, టెలివిజన్ ఛానళ్ళు కొన్ని దశాబ్దాలుగా ‘ప్రేమోన్మాది’ అనే మాటను వాడుతున్నాయి. తనను కాదన్న యువతిపై కత్తితోనో యాసిడ్‌తోనో దాడి చేసినవాడికి ఆ పేరు పెడుతున్నాయి. ‘ప్రేమోన్మాది ఘాతుకం’ అన్న శీర్షిక చదవని తెలుగు పాఠకుడు ఉండడు. ఈ సమాసంలో రెండు మాటలూ అసత్యమే. కాదన్నందుకు చంపడం ప్రేమ కాదు. రోజుల తరబడి వెంటపడి, ఆయుధం సిద్ధం చేసుకొని, ఆమె ఒంటరిగా దొరికే వేళ కోసం మాటువేయడం ఉన్మాదమూ కాదు, అది సంకల్పంతో చేసే పని. అయినా ఈ సమాసం అలంకారశాస్త్రం నుంచి ఒక అర్థచ్ఛాయను అరువు తెచ్చుకుంటుంది. దాడి ప్రేమలో ఒక దశ అన్న భావన, మితిమీరిన ప్రేమ చివరికి ఇలా పరిణమించిందన్న ధ్వని అందులో దాగి ఉన్నాయి. ఆ విధంగా ఈ మాట బాధితురాలికి అన్యాయం చేస్తోంది.

అదే మాట రెండవ అన్యాయం కూడా చేస్తోంది. సంకల్పంతో నేరం చేసినవాడికి ‘ఉన్మాది’ అనే పేరు స్థిరపడిన తరువాత, నిజంగా ఉన్మాదంతో బాధపడేవాడికి ఆ పేరు వెంటే నేరస్థుని ముద్ర కూడా అంటుకుంటుంది. శాస్త్రంలో ఉన్మాదం బాధ్యతను తగ్గించే కారణం. పత్రికలో అదే ఉన్మాదం అసహ్యాన్ని పెంచే విశేషణం. ‘సైకో’ అనే అరువు మాట వచ్చిన తరువాత ఈ తారుమారు పూర్తయింది. ఒకే మాట కోర్టులో మనిషిని శిక్ష నుంచి తప్పిస్తూ, వీధిలో అతనికి శిక్ష వేస్తోంది.

2021 జనవరిలో నాటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో ఇద్దరు యువతుల హత్య జరిగింది. నిందితులుగా అరెస్టయిన తల్లిదండ్రులను వైద్యుల సూచనపై విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. ఆ రోజులలో వెలువడిన కథనాలలో మూఢభక్తి, క్షుద్రవిశ్వాసం, పిచ్చి అనే మూడు వివరణలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మూఢభక్తి అంటే సమాజం విమర్శించవలసిన విషయం. మానసిక వ్యాధి అంటే వైద్యులు నిర్ధారించవలసిన విషయం. నేరబాధ్యత అంటే కోర్టు తేల్చవలసిన విషయం. ఈ మూడింటినీ విడదీసి చెప్పగల పదజాలం అప్పుడు మన వార్తాభాషకు అందుబాటులో లేదు. పాఠకుల కుతూహలం వైద్యశాల గేటు దాకా వెళ్ళి ఆగిపోయింది. గేటు లోపల ఏమి జరుగుతుందో చెప్పే కథనం మనకు అలవాటు లేదు.

4. చట్టం మాటలు: నిర్దోషి, కాని విడుదల లేదు

1843లో ఇంగ్లండులో డేనియల్ మెక్‌నాటెన్ ప్రధాని కార్యదర్శిని ప్రధాని అని భ్రమించి కాల్చి చంపాడు. మతి తప్పినవాడన్న కారణంగా కోర్టు అతనిని నిర్దోషిగా నిర్ణయించింది. ఆ తీర్పుపై చెలరేగిన చర్చ నుంచి వచ్చిన సూత్రాలే 1860 భారత శిక్షాస్మృతి 84వ సెక్షనుకు మూలం. చర్య చేసిన సమయంలో మతిస్థిమితం లేక, ఆ చర్య స్వభావాన్ని గాని, అది తప్పు లేదా చట్టవిరుద్ధం అన్న సంగతిని గాని తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడు చేసినది నేరం కాదని ఆ సెక్షను చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇదే నియమం 22వ సెక్షనుగా కొనసాగుతోంది.

మెక్‌నాటెన్ తరువాతి జీవితం గురించి మన న్యాయశాస్త్ర పాఠాలు సాధారణంగా చెప్పవు. నిర్దోషి అయిన అతను ఇంటికి వెళ్ళలేదు. మొదట బెత్లెం ఆసుపత్రిలో, చివరగా 1863లో ప్రారంభమైన బ్రాడ్‌మూర్ ఆశ్రమంలో ఉండి, 1865లో అక్కడే మరణించాడు. తెలుగు వార్తాభాషలో ‘నిర్దోషిగా విడుదల’ అన్నది విడదీయరాని జంటపదం. ఈ రోగుల విషయంలో మాత్రం ఆ జంట విడిపోతుంది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 373వ సెక్షను ప్రకారం, ఇటువంటి నిర్దోషిత్వ తీర్పులో ఆ చర్యను ముద్దాయి చేశాడా లేదా అన్నది స్పష్టంగా చెప్పాలి. చేశాడని తేలితే 374వ సెక్షను వర్తిస్తుంది. కోర్టు అతనిని ‘సేఫ్ కస్టడీ’లో ఉంచమని ఆదేశించవచ్చు, లేదా బంధువుకో మిత్రునికో అప్పగించవచ్చు. అయితే ఆ బంధువు స్వయంగా దరఖాస్తు చేసుకోవాలి. రోగిని సరిగా చూసుకుంటానని, అతని వల్ల అతనికి గాని ఇతరులకు గాని హాని జరగకుండా కాపాడతానని పూచీ ఇవ్వాలి.

‘సేఫ్ కస్టడీ’ని ‘రక్షణ నిర్బంధం’ అనవచ్చు. ఆ మాటలో రక్షణ ఎవరికి, నిర్బంధం ఎవరికి అన్నది స్పష్టం కాదు. చట్టాల పదజాలం మాత్రం కాలక్రమంలో మెరుగుపడింది. 1912 లూనసీ చట్టం ఈ రోగిని ‘క్రిమినల్ లూనాటిక్’ అన్నది. 1987 చట్టం మానసిక వ్యాధిగ్రస్తుడైన ఖైదీ అన్నది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, తన 103వ సెక్షనులో, మానసిక అనారోగ్యం ఉన్న ఖైదీ అంటుంది. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక జైలు వైద్యవిభాగంలో మానసిక ఆరోగ్య కేంద్రం ఉండాలని కూడా నిర్దేశిస్తుంది. మొదటి పేరులో నేరమే విశేషణమై మనిషికి ముందు నిలిచింది. చివరి పేరులో అనారోగ్యం మనిషికి ఉన్న ఒక లక్షణం మాత్రమే. తెలుగు వాడుక ఈ నూరేళ్ళ ప్రయాణంలో మొదటి మజిలీ వద్దే ఆగిపోయింది.

పేరు మారినంత మాత్రాన జీవితం మారదన్నది నిజమే. 1982లో వీణా సేథీ కేసులో సుప్రీంకోర్టు బీహారులోని హజారీబాగ్ జైలు ఖైదీల స్థితిని పరిశీలించింది. మతిస్థిమితం లేదన్న కారణంతో లోపల ఉంచినవారిలో కొందరు, బాగుపడిన తరువాత కూడా దశాబ్దాల తరబడి అక్కడే ఉండిపోయారని తేలింది. వారిని లోపల ఉంచినది జబ్బు కాదు. బయట అడిగేవారు లేకపోవడం.

5. తెలుగు కథనంలో ఖాళీ

త్రిపురనేని గోపీచంద్ కృష్ణా జిల్లా అంగలూరులో 1910లో జన్మించాడు, న్యాయశాస్త్రం చదివాడు. ఆయన ‘అసమర్థుని జీవయాత్ర’ను తెలుగులో మనోవైజ్ఞానిక నవలకు ఆద్యంగా విమర్శకులు పరిగణించారు. సీతారామారావు మనసు క్రమంగా చెదిరిపోవడాన్ని ఆ నవల లోపలి నుంచి చూపింది. ఆ పతనాన్ని అనుసరించిన పాఠకుడు అతనిని అసహ్యించుకోలేడు, సమర్థించనూ లేడు. నవలకు అంతటి బలాన్ని ఇచ్చినది ఆ ఉభయస్థితే. అయితే సీతారామారావు చివరికి శ్మశానంలో మరణిస్తాడు. వైద్యుడు గాని, న్యాయాధికారి గాని, ఆసుపత్రి గాని అతని ప్రయాణానికి గమ్యం కాలేదు. నవల తాత్త్విక ప్రణాళికకు ఆ ముగింపు అవసరమే. కాని ఆ తరువాత మన విమర్శ, మతి చెదిరిన మనిషికి మరణమే సహజమైన ముగింపు అన్నట్లుగా ఈ నవలను చదువుతూ వచ్చింది. మతి చెదిరినవాడు బతికి ఉంటే, ఇరవై ఏళ్ళు మందులు వేసుకుంటూ ఒక వార్డులో గడిపితే, కోలుకొని తాను చేసిన పని ఏమిటో తెలుసుకుంటే అతని కథ ఏమవుతుందన్న ప్రశ్న మనం వేసుకోలేదు.

జైలు వైపు నుంచి చూస్తే, వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు నైజాం జైళ్ళలోని మామూలు ఖైదీలను మనుషులుగా నిలబెట్టాయి. కోర్టు వైపు నుంచి చూస్తే, విశాఖపట్నంలో న్యాయవాదిగా పనిచేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’లో మద్యనిషేధ చట్టం చుట్టూ పోలీసు, ప్లీడరు, పేద ముద్దాయి ఎలా తిరుగుతారో చూపాడు. ఆ ఊళ్ళోనే మానసిక వైద్యశాల కూడా ఉంది. ఖైదీని మనిషిగా చూడడం వట్టికోట నేర్పాడు. చట్టాన్ని దాని బాధితుని వైపు నుంచి చదవడం రావిశాస్త్రి నేర్పాడు. మనసును లోపలి నుంచి చదవడం గోపీచంద్ నేర్పాడు. ఈ రోగి కథకు కావలసిన పనిముట్లు మూడూ తెలుగులో ఉన్నాయి. ఆ మూడింటినీ కలిపి పనిచేయించడమే మిగిలి ఉంది.

సాహిత్యం వదిలిన ఈ ఖాళీని సినిమా ఆక్రమించింది. 2005లో తమిళం నుంచి అనువాదమై వచ్చిన ‘అపరిచితుడు’ తెలుగు ప్రేక్షకులలో అసాధారణమైన ఆదరణ పొందింది. బహుళ వ్యక్తిత్వాలున్న కథానాయకుడు హత్యలు చేస్తాడు. కోర్టు అతనిని చికిత్సకు పంపుతుంది. నయమైనట్లు బయటికి వచ్చిన తరువాత అతను రైలులో మరొకరిని చంపుతాడు. కోర్టు ఆదేశంపై మానసిక వైద్యశాలలో ఉన్న రోగిగా తెలుగు సామూహిక స్మృతిలో నిలిచిన ప్రసిద్ధ పాత్ర బహుశా ఇదే. ఆ పాత్ర నేర్పే పాఠం రెండు వైపులా ప్రమాదకరమైనది. అతని హత్యలు న్యాయమైనవన్నది ఒకటి. అతని చికిత్స నటన అన్నది మరొకటి. సినిమాలో ఆసుపత్రి గడిపిన కాలం ముగింపులోని మలుపుకు ఉపకరణం మాత్రమే. నయమైనవాడిని నమ్మరాదన్న అభిప్రాయాన్ని వినోదంగా స్వీకరించిన సమాజమే, నిజమైన రోగి విడుదల విషయంలో తీర్పరిగా కూర్చుంటుంది.

నయం కాకపోయినా ఆ మనిషికి చేయగల పని ఉంటుందని చెప్పే వాస్తవచరిత్ర మరోచోట ఉంది. విలియం చెస్టర్ మైనర్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు 1872లో లండనులో భ్రాంతివశాన ఒక కార్మికుని కాల్చి చంపి బ్రాడ్‌మూరుకు చేరాడు. అక్కడి గదిలో కూర్చుని ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువుకు ఏళ్ళ తరబడి వేల ప్రయోగాలు సేకరించి పంపాడు. అతని జబ్బు తగ్గలేదు. అతను చంపిన మనిషి తిరిగి రాలేదు. ఆ పనీ అబద్ధం కాదు. ఈ మూడు వాస్తవాలనూ ఏకకాలంలో మోయగల కథనమే ఈ వస్తువుకు న్యాయం చేయగలదు. పదాల చరిత్రను వృత్తిగా స్వీకరించిన మనవంటి అధ్యాపకులకు ఈ ఉదాహరణ మరింత దగ్గరిది.

6. జి. కొండూరు నుంచి చూస్తే

2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన జి. కొండూరు మండలం నూజివీడు మామిడి ప్రాంతానికి చెందినది. ఇక్కడి వాడుకలో మతి చెదిరిన మనిషిని గురించి చెప్పడానికి మాటలకు కొదవ లేదు: గాలి సోకింది, మతి చలించింది, పిచ్చెక్కింది, తిక్క, మెంటల్. వీటిలో మొదటి రెండూ మనిషికి బయటి నుంచి ఏదో జరిగిందని చెబుతాయి. చివరి రెండూ ఆ మనిషి స్వభావమే అదని తేలుస్తాయి. మాట మారినప్పుడు తప్పు ఎవరిదన్నదీ మారిపోతోంది.

వ్యవసాయపు మాటలలో ‘వెర్రి తెగులు’ అని ఒకటుంది. కందిలో, నువ్వులో వచ్చే తెగుళ్ళకు రైతులు, వ్యవసాయ శాఖ ఇద్దరూ వాడే పేరు అది. నువ్వు చేనులో ఈ తెగులు సోకిన మొక్కకు పూలు రావలసిన చోట ఆకుల గుబురు వస్తుంది. ఆ మొక్కను ఎవరూ తిట్టరు. తెగులును వ్యాపింపజేసే పురుగును గుర్తిస్తారు. ఇంతవరకు ఈ మాట వెర్రిని జబ్బుగానే చూస్తున్నది. అయితే సోకిన మొక్కకు సూచించే నివారణ పీకి తగలబెట్టడం. జబ్బు అని ఒప్పుకున్నంత మాత్రాన ఆదరించినట్లు కాదని ఈ పల్లె మాట హెచ్చరిస్తోంది. మనిషిని చేను నుంచి తొలగించినట్లు తొలగించడానికి ‘పాపం, వాడికి జబ్బు’ అన్న జాలి మాట కూడా సాధనం కాగలదు.

ఈ మండలంలో మామిడి తోటకు కాపలా ఉండే ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఆ ఇంటి కుర్రాడు జబ్బు తీవ్రతలో ఒక నేరానికి కారకుడై, విజయవాడ జైలు మీదుగా విశాఖ వైద్యశాలకు చేరాడనుకుందాం. ఇంటికీ వార్డుకూ మధ్య దూరం మూడున్నర వందల కిలోమీటర్లకు పైమాటే. బంగినపల్లి, రసాలు కోతకు వచ్చి నున్న మార్కెట్టుకు కదిలే వేసవి నెలలలో కాపలా మానుకొని వెళ్ళడం ఆ తండ్రికి కుదరదు. కొన్నేళ్ళకు జబ్బు అదుపులోకి వచ్చిందని వైద్యులు చెబుతారు. అప్పుడు 374వ సెక్షను కోరే దరఖాస్తు ఎవరు రాయాలి? పూచీ ఎవరు ఇవ్వాలి? అతను తిరిగి వస్తే పక్కింటివారు ఊరుకుంటారా? దరఖాస్తు కాగితంపై కోర్టు చూసేది బంధువు సంతకం. ఆ సంతకం చేసే చేతిని ఆపేది ఊరి మాట. ‘కొడుకు జబ్బు పడి కోలుకున్నాడు’ అని ఊరు అనుకుంటే ఆ సంతకం పడుతుంది. ‘ఆ ఉన్మాదిని మళ్ళీ తెస్తున్నాడు’ అనుకుంటే పడదు. పదానికి ఇంతకంటె స్పష్టమైన కార్యశక్తిని మన అర్థవిజ్ఞాన పాఠాలలో చూపడం కష్టం.

7. ఒక ఆక్షేపణ

రోగి పక్షాన ఇలా మాట్లాడడం హతుల కుటుంబాలను మరచిపోవడం కాదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. ఉన్మాదం పేరు చెప్పి శిక్ష తప్పించుకోవాలని చూసే నిందితులూ ఉంటారు. కాని పదాలను సరిచేయడం ఈ రెండు భయాలకూ విరుద్ధం కాదు. ‘ప్రేమోన్మాది’ అన్న మాట పోతే, మాటువేసి దాడి చేసినవాడు తన సంకల్పానికి బాధ్యుడుగా మిగులుతాడు. అది బాధితురాలికి మేలు. నిజమైన రోగికి రోగి అన్న పేరు దక్కితే, అతనికి చికిత్స, పర్యవేక్షణ సక్రమంగా అందే అవకాశం పెరుగుతుంది. అది ఊరికి మేలు. ఇద్దరినీ ఒకే మాటతో పిలవడం వల్ల లాభపడేది శీర్షిక రాసేవారు మాత్రమే.

8. ముగింపు

ఈ పరిశీలన నుంచి మూడు ప్రతిపాదనలు వెలువడుతున్నాయి. మొదటిది, వార్తారచనలో ‘ఉన్మాది’, ‘సైకో’ అనే మాటలను దాడి చేసినవారికి విశేషణాలుగా వాడడం మానాలి. తెలుగు శాఖలలో పత్రికారచన బోధించే అధ్యాపకులు ఈ విషయాన్ని పాఠంగా చెప్పవచ్చు. రెండవది, ఈ రోగులకు ‘కోర్టు సంరక్షణలోని మానసిక రోగి’ వంటి నిరాడంబరమైన పేరు వాడుకలోకి రావాలి. కొత్త సంస్కృత సమాసం కంటె ఊళ్ళో అర్థమయ్యే మాట ఇక్కడ ఎక్కువ పని చేస్తుంది. మూడవది, ‘అసమర్థుని జీవయాత్ర’ వంటి నవలలను బోధించేటప్పుడు చివరి మరణాన్ని అనివార్యమైన ఫలితంగా కాక, రచయిత ఎంచుకున్న ఒక ముగింపుగా చర్చించాలి. ఆ పాత్ర బతికి ఉంటే మన చట్టం, మన వైద్యశాల, మన ఊరు అతనిని ఏమి చేసేవన్న ప్రశ్న తరగతిలో వినబడాలి.

నిర్దోషి అని కోర్టు చెప్పిన తరువాత కూడా లోపలే ఉండవలసి వచ్చే మనిషి గురించి మాట్లాడడం చట్టానికి, వైద్యానికి మాత్రమే వదిలివేయదగిన పని కాదు. అతనిని తిరిగి తెచ్చుకునే దరఖాస్తు తెలుగులో మాట్లాడే మనుషుల మధ్య తయారవుతుంది. ఆ మనుషుల చేతికి సరైన మాట అందించడం సాహిత్య విమర్శ చేయగల పని.